గుప్పెడు పిక్కలు కోసి చూడండి

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మా బావకు చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. మొన్న ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉండగా వజ్రపుకొత్తూరు వైపు నుంచి జీడి పిక్కల వ్యాన్ వచ్చింది. బావ పైన కనబడుతున్న బస్తాల జోలికి పోలేదు. అడుగున ఉన్నవి రెండు, మధ్యలోవి మూడు దింపించాడు. ఒక్కో బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి గుప్పెడేసి పిక్కలు తీశాడు. అన్నీ కలిపి ఒక కిలో తూచి, గోనెపట్టా మీద పోసి, ఇద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టి ప్రతి పిక్కనూ రెండు ముక్కలుగా కోయించాడు. మంచివి ఒక కుప్ప, మచ్చపడ్డవి ఒక కుప్ప, పుచ్చులు ఒక కుప్ప. మచ్చపడ్డవాటికి సగం తూకమే లెక్క. పొరతో కలిపి పప్పు 270 గ్రాములు తేలింది. అంటే 80 కిలోల బస్తాకు 21 కిలోల 600 గ్రాములు. పొర తరుగు ఎంత పోతుందో అతనికి నోటిలెక్క. ధర చెప్పాడు. అవతలివాడు కాదన్నాడు. బస్తాకు యాభై పెంచాడు. సరుకు దిగింది. లక్షల్లో బేరం అరగంటలో ముగిసిపోయింది.

ఇదే మనిషి, పప్పును రంగును బట్టి ఏరే కలర్ సార్టర్ మిషన్ కొనాలా వద్దా అన్నది రెండేళ్లుగా తేల్చుకోలేకపోయాడు. కంపెనీవాళ్లు కొటేషన్ ఇచ్చారు. గడువు తీరింది. మళ్లీ ఇచ్చారు. అదీ తీరింది. ఎప్పుడడిగినా ఒకటే మాట: "సూద్దాంలేరా."

ఇంటికో పారిశ్రామికవేత్త అంటోంది ప్రభుత్వం. నియోజకవర్గానికో ఎంఎస్ఎంఈ పార్కు, అంటే చిన్న పరిశ్రమల పార్కు అంటోంది. శిలాఫలకాల వార్తలు రోజూ చదువుతూనే ఉన్నారు కాబట్టి ఆ వివరాలు మళ్లీ చెప్పను. షెడ్డు ఇస్తారు, సబ్సిడీ ఇస్తారు, అవగాహన సదస్సు పెట్టి భోజనం కూడా పెడతారు. ఆ సదస్సుల్లో మాట్లాడేవాళ్లు మాత్రం ప్రతిసారీ ఒకే పాట పాడతారు: ధైర్యం చేయండి, రిస్క్ తీసుకోండి, మన ఉత్తరాంధ్ర వాళ్లకు తెగువ తక్కువ అని. నాకు వాళ్లతో పేచీ ఇక్కడే. అరగంటలో వ్యాన్ సరుకు దింపించుకున్న మనిషికి తెగువ తక్కువా? ఎచ్చెర్ల తీరంలో కుర్రాళ్లు అడ్వాన్సు చేతిలో పడ్డ వారానికే గుజరాత్‌లోని వెరావల్ రైలెక్కి నెలల తరబడి సముద్రం మీద ఉంటారు. వాళ్లకు ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వగలవాడెవడు?

తెగువకు ఇక్కడ కరువు లేదు. ఒకే మనిషి ఒకచోట చకచకా తేల్చేసి ఇంకోచోట ఏళ్లు నానుస్తున్నాడంటే తేడా అతని గుండెలో లేదు, ఆ రెండు నిర్ణయాల తయారీలో ఉంది. పిక్కల బేరంలో కోసి చూడడానికి ఒక కిలో ఉంది. తప్పినా ఒక వ్యాన్ సరుకు మటుకే తప్పుతుంది. పది పదిహేను రోజుల్లో పప్పు తయారై తన అంచనా నిజమో కాదో తెలిసిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ బావ ఒక్కడే నిలబడి తేలుస్తాడు, ఎవరినీ అడగడు. మిషన్ విషయంలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

బావ దగ్గర పాత లెక్కల పుస్తకాలున్నాయి. అట్టలు ఊడిపోయి, జీడి సొన మరకలతో నల్లబడి ఉంటాయి. ప్రతి పేజీలో రెండు అంకెలు: పిక్కలు కోసిన రోజు వేసిన అంచనా, పప్పు ఆరి, పొర తీసి, డబ్బాల్లోకి ఎక్కాక నిజంగా వచ్చిన తూకం. తేడా ఎక్కువొచ్చిన చోట ఎర్ర సిరాతో ఒక గీత. పక్కన ఒక మాట, "తడి", "పాత సరుకు", "మొగమాటం". ఆ మూడో మాట చూసి నేను చాలాసేపు నవ్వాను. తెలిసినవాడి సరుకని అంచనా పెంచి వేశాడట. పదిహేనేళ్లుగా ఇలా రాసుకుంటూ వచ్చిన మనిషికి పిక్క చేతిలోకి తీసుకోగానే సగం సంగతి తెలిసిపోతుందంటే అందులో మహిమ ఏమీ లేదు. డేనియల్ కానమన్, గ్యారీ క్లీన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు. అంతఃస్ఫూర్తిని నమ్మొచ్చా అనే విషయంలో చెరో వైపు ఉండేవారు. 2009లో ఇద్దరూ కలిసి ఒక పరిశోధనా పత్రం రాశారు. వాళ్లు చివరకు ఒప్పుకున్నది ఇదే: పరిస్థితులు ఒక క్రమంలో నడిచే రంగమై ఉండాలి, మనిషికి ఏళ్ల తరబడి అభ్యాసం ఉండాలి, తన అంచనా తప్పో ఒప్పో ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉండాలి. అప్పుడే మనసుకు తోచిన మాటను నమ్మొచ్చు. తనకు ఎంత నమ్మకంగా అనిపిస్తోంది అన్నది కొలమానమే కాదు. పిక్కల విషయంలో బావకు ఇవన్నీ ఉన్నాయి. మిషన్లు జన్మలో ఎన్ని కొంటాడు? మహా అయితే ఐదు. ఐదుతో అభ్యాసం రాదు. అందుకే "నా మనసు చెబుతోంది" అని మిషన్ కొనేవాడిని చూసినా, "నా మనసు ఒప్పుకోవట్లేదు" అని ఆగిపోయేవాడిని చూసినా నాకు ఒకేలా భయమేస్తుంది.

మరి అభ్యాసం లేనిచోట ఏం చేయాలి? ఆ పెద్ద నిర్ణయాన్ని కూడా ఒక కిలో పిక్కల స్థాయికి దింపాలి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాదంతా దీనికి వివరణ.

అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ 2016 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖలో, కావాలనుకునే సమాచారంలో 70 శాతం చేతికి రాగానే చాలా నిర్ణయాలు తీసేసుకోవాలని, 90 శాతం కోసం ఆగితే ఆలస్యమైపోయినట్టేనని అన్నాడు. కొత్తగా కంపెనీలు పెట్టే కుర్రాళ్లు ఈ ముక్కను మంత్రంలా చదువుతుంటారు. నాకు ఇందులో ఒక చిక్కు కనిపిస్తుంది. మొత్తం ఎంతో తెలియనప్పుడు అందులో 70 శాతం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? పైగా ఆ 70 శాతం ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఎంత వచ్చింది అన్నదానికన్నా పెద్ద ప్రశ్న. అమ్మేవాడు మంచి పిక్కలు బస్తా పైన పోస్తాడు, కాశీబుగ్గలో చిన్నపిల్లాడికీ తెలుసు. అందుకే బావ అడుగు బస్తా దింపించాడు. మనవాళ్లు కొత్త వ్యాపారం పెట్టేముందు ఎవరిని అడుగుతారు? తోడల్లుడిని, క్లాస్‌మేట్లను, కుటుంబం వాట్సాప్ గ్రూపును. అందరూ "సూపర్ బాబూ, పెట్టేయ్" అంటారు. బస్తా పైన ఉన్న పిక్కలు అవే. జేబులోంచి డబ్బు తీసి ఇవ్వాల్సిన మనిషిని, మన మొహం ముందెన్నడూ చూడనివాడిని అడిగితే అది అడుగు బస్తా. అలాంటివాళ్లు పదిమంది చెప్పింది చుట్టాలు వందమంది చెప్పినదానికన్నా విలువైనది.

విజయనగరంలో మా స్నేహితుడి కూతురు మిల్లెట్ బిస్కెట్ల వ్యాపారం పెడతానంది. ఓవెన్, ప్యాకింగ్ మిషన్, షెడ్డు, అన్నీ కలిపి ప్రాజెక్టు రిపోర్టు రాయించారు. ఏడాదిగా ఆ ఫైలు ఇంట్లో టీవీ కింద ఉంది. ఒక బేకరీ ఓవెన్ రెండు రాత్రులు అద్దెకు తీసుకుని, నలభై ప్యాకెట్లు చేసి, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర రెండు కొట్లలో పెట్టి, వారం తర్వాత ఎన్ని మిగిలాయో చూడమన్నాను. "అంకుల్, అలా చేస్తే చీప్‌గా ఉండదా?" అంది. మన దగ్గర చిక్కంతా ఈ మాటలోనే ఉంది. మనకు వ్యాపారం అంటే ప్రారంభోత్సవం. రిబ్బను, కొబ్బరికాయ, ఎమ్మెల్యే, ఫ్లెక్సీ. ఒకసారి రిబ్బను కత్తిరించాక వెనక్కి రావడమంటే పరువు పోవడమే. నలభై ప్యాకెట్లు అమ్ముడుపోకపోతే అది పాఠం. ఎమ్మెల్యే వచ్చి ప్రారంభించిన షెడ్డు మూతపడితే అది ఊరంతా చెప్పుకునే కథ. మన నిర్ణయాలు ఇంత బరువెక్కడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు, ఈ కథ భయం కూడా.

పైగా ఆ డబ్బు ఒకరిది కాదు. అక్క నగలు, తమ్ముడి పొలం కాగితాలు, మామగారి రిటైర్మెంట్ సొమ్ము. డబ్బు ఇచ్చిన ప్రతివాడికీ వద్దనే హక్కు ఉంటుంది, సరేనని బాధ్యత తీసుకునేవాడు మాత్రం ఉండడు. బావ మిషన్ విషయంలో ఏడుగురిని అడిగాడని నేను లెక్క పెట్టాను. ఏడుగురూ తెలివైనవాళ్లే. ఏడుగురూ "నీ ఇష్టం, కానీ ఆలోచించుకో" అన్నారు. దానర్థం ఏమిటో మీకూ నాకూ తెలుసు. లాభమొస్తే నేనప్పుడే చెప్పానంటారు, నష్టమొస్తే ఆలోచించుకోమన్నాను కదా అంటారు. కాబట్టి ఏం చేయాలి అని చర్చించేముందే, చివరి మాట ఎవరిది అన్నది తేలాలి. మిగతావాళ్లు సలహా ఇస్తారు, అంతే. ఈ ఒక్కటి కాగితం మీద రాసుకున్న కుటుంబ వ్యాపారం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాకు ఒక్కటీ తగల్లేదు.

అలాగని అన్నిటికీ తొందర పనికిరాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లను చూడండి. ఏకాండి వీణ అంటే ఒకే పనస దుంగలోంచి తొలిచేది, అతుకు ఉండదు. ఉలి ఒకసారి లోతుకు దిగితే ఆ చెక్క మళ్లీ రాదు. ఆ దుంగను తిప్పి తిప్పి చూస్తారు, తట్టి వింటారు, పక్కన పెడతారు, మళ్లీ తీస్తారు. అక్కడ నిదానం అవసరం. వ్యాపారంలోనూ అలాంటి దుంగలు కొన్ని ఉంటాయి. భాగస్వామి ఎవరు, ఇల్లు తాకట్టు పెట్టాలా, ఇంకొకరి అప్పుకు జామీను సంతకం పెట్టాలా. వెనక్కి తీసుకోలేనివి ఇవే, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మనం చేసేది సరిగ్గా తలకిందులు. పెళ్లి పందిట్లో పక్కపక్కన భోజనానికి కూర్చున్న ఇద్దరు పెరుగన్నం దాకా వచ్చేసరికి భాగస్వాములైపోతారు. ఆ తర్వాత బోర్డు మీద పేరు ఎర్ర రంగులో ఉండాలా ఆకుపచ్చలోనా అని ఆర్నెల్లు కొట్టుకుంటారు. నాలుగు రోజుల్లో మార్చేసుకోగల ధర మీద, ప్యాకెట్ సైజు మీద మీటింగులు. జీవితాంతం మోయాల్సిన జామీను సంతకం మాత్రం బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడి, చదవకుండా.

ఆగడం ఉచితం అనుకుంటాం, అదొక భ్రమ. బ్యాంకులో 50 లక్షల సీసీ, అంటే క్యాష్ క్రెడిట్ అప్పు, వాడుకుని, 11 శాతం వడ్డీ కడుతున్నాడనుకోండి. ఏడాదికి ఐదున్నర లక్షలు, రోజుకు పదిహేను వందలు. "ధర ఇంకొంచెం దిగుతుందేమో" అని పదిరోజులు గేటు మూసుకుని కూర్చుంటే పదిహేను వేలు పోయినట్టే, రసీదు రాదు కాబట్టి కనబడదు. ఈలోగా పిక్క కొట్టే ఆడవాళ్లు పక్క ఫ్యాక్టరీకి వెళ్లిపోతారు. వాళ్లు తిరిగి రావాలంటే అడ్వాన్సు పెంచాలి. మన ఊరి పిక్కలు మార్చి నుంచి మే దాకా వచ్చేవే. ఆ తర్వాత ఆఫ్రికా సరుకు మీద ఆధారపడాలి. అందుకే ఏ మీటింగులోనైనా "చూద్దాం" అని లేవబోతుంటే ఒక్క ప్రశ్న అడగమంటాను: ఏ తేదీ దాకా? ఏం తెలిస్తే సరే అంటాం, ఏం తెలిస్తే వద్దంటాం? ఈ రెండింటికీ జవాబు చెప్పి లేస్తే అది ఆగడం. చెప్పకుండా లేస్తే వద్దని తేల్చేసినట్టే, కాకపోతే పైకి అనలేదు.

నేనేమీ ఒడ్డున కూర్చుని చెబుతున్నవాణ్ని కాదు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నాకు పెళ్లి కార్డుల ప్రెస్ ఉండేది. ఫ్లెక్సీలు వస్తున్న రోజుల్లో మిషన్ పెడదామా అని మేం రెండు పైడితల్లి జాతరలు ఆలోచించాం. మూడో జాతరకు ఊళ్లో మూడు ఫ్లెక్సీ షాపులు వెలిశాయి. నాలుగో ఏడు ప్రెస్ అమ్మేసి రాతల్లోకి వచ్చాను. అన్నట్టు, ఆ జాతరలో పూజారి కూర్చునే సిరిమానుకు చెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని మన నమ్మకం. మా ఫ్లెక్సీ మిషన్ గురించి నాకెవరూ కలలో చెప్పలేదు, నేను మాత్రం అలాంటిదేదో వస్తుందన్నట్టే కూర్చున్నాను.

తొందరపడి కొంపలు ముంచుకున్నవాళ్ల సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో ఉద్దానం జీడితోటల్ని, కొబ్బరిని నేలకూల్చింది. అంతకు ముందే అప్పుచేసి విస్తరించినవాళ్లు ఏళ్ల తరబడి తేరుకోలేకపోయారు. జాగ్రత్తపడి ఆగినవాళ్లు మిగిలారు, నిజమే. కానీ మునిగినవాళ్లు త్వరగా నిర్ణయించుకున్నందుకు మునగలేదు, ఉన్నదంతా ఒకేచోట పెట్టినందుకు మునిగారు. ఒక కిలో కోసి చూసేవాడు ఉన్నదంతా ఒకేచోట పెట్టడు.

ఇంకో పద్ధతి ఉంది, పైసా ఖర్చు లేనిది. మొదలుపెట్టకముందే, "ఏడాది గడిచింది, ఇది మూతపడింది, ఎందుకు మూతపడిందో చెప్పండి" అని అందరినీ కూర్చోబెట్టి అడగడం. పైన చెప్పిన గ్యారీ క్లీనే దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మన ఇళ్లలో నాయనమ్మలు అడక్కుండానే ఈ పని చేస్తారు. "ఆడు సరుకు అరువుకి తీసుకుని మాయమైపోతే ఏటి సేత్తావురా?" అంటుంది. వెంటనే అందరూ కలిసి ఆవిడ నోరు మూయిస్తారు, శుభమా అని మొదలెడుతుంటే ఆ మాటలేమిటని. అపశకునం పేరుతో ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఆడిటర్‌ని వంటింట్లోకి పంపించేస్తాం.

ఇదంతా వ్యక్తుల అలవాటు అనుకుంటే సగమే అర్థమైనట్టు. ఈ నేల మీద ఎదురుచూడడం మూడు తరాలకు నేర్పించారు. 2014 విభజన తర్వాత ఏడు వెనుకబడిన జిల్లాలకు ఏడాదికి 50 కోట్ల చొప్పున ఇస్తామన్నారు, మన రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. జిల్లా పేరు ముందు "వెనుకబడిన" అన్న మాట ఒకసారి అతుక్కుంటే, ఎవరో వచ్చి ముందుకు తోస్తారని చూడడం సహజమైపోతుంది. నెల్లిమర్ల జూట్ మిల్లు గేటు మీద లాకౌట్ నోటీసు చదివి, మళ్లీ ఎప్పుడు తీస్తారో అని చూసిన కుటుంబాలెన్నో. భోగాపురం విమానాశ్రయానికి 2015లో భూసేకరణ మొదలైంది. 2019 ఫిబ్రవరిలో ఒక శంకుస్థాపన, 2023 మేలో మరో శంకుస్థాపన. ఆ మధ్య కాలమంతా చుట్టుపక్కల మండలాల్లో ఎవడి చేతిలో నాలుగు రూపాయలున్నా షెడ్డు వేయలేదు, స్థలం కొని కూర్చున్నాడు. మా అన్నదమ్ములం ముగ్గురం కూడా అందులో ఉన్నాం. భోగాపురం అవతల ఇరవై సెంట్లు.

నిర్ణయం తీసుకునే కుర్చీలే జిల్లాలో లేవు. పిక్కల ధర ఐవరీ కోస్ట్ పంటను బట్టి, వియత్నాం కొనుగోళ్లను బట్టి నడుస్తుంది. బ్రాంచి మేనేజర్ పరిధి దాటిన అప్పు ఫైలు పై ఆఫీసుకు పోతుంది. 2022 ఏప్రిల్‌లో ఒక నోటిఫికేషన్‌తో రాజాం శ్రీకాకుళంలోంచి విజయనగరంలోకి వచ్చింది. అదే రాజాంలో 1978లో జూట్ మిల్లుతో మొదలైన జీఎంఆర్ సంస్థే భోగాపురం విమానాశ్రయ నిర్మాణం చేపట్టింది, కానీ ఆ సంస్థ పెద్ద నిర్ణయాలు జరిగే గది రాజాంలో లేదు. వేగంగా తేల్చగలిగినవాళ్లు వెళ్లిపోయారు, లేదా వెళ్లిపోయాక వేగంగా తేల్చడం నేర్చుకున్నారు. ఏది ముందో నేను చెప్పలేను. పార్కుల్లో ప్లాట్లు పంచే అధికారులకు నాదొక విన్నపం: ప్రతి పార్కులో ఒక షెడ్డును ఎవరికీ కేటాయించకండి. ఓవెన్, కలర్ సార్టర్, ప్యాకింగ్ మిషన్ లాంటివి అందులో పెట్టి గంటల లెక్కన అద్దెకివ్వండి. శిలాఫలకం అక్కర్లేదు. వచ్చినవాడు ఒక కిలో కోసి చూసుకుని వెళ్లిపోతాడు.

బావ చివరకు చేసిందీ ఇదే. జూన్‌లో వంద కిలోల పప్పు తీసుకుని, కలర్ సార్టర్ ఉన్న ఇంకొకరి ఫ్యాక్టరీకి వెళ్లి జాబ్ వర్క్ కింద ఏరించాడు. అంతే పప్పును తన దగ్గరి ఆడవాళ్లతో ఏరించాడు. ఫలితం పుస్తకంలో రెండు అంకెలుగా రాశాడు. విరగని గుండు పప్పులో మిషన్ గెలిచింది. కానీ బావ సరుకు ఎక్కువగా బద్దలు, ముక్కలు, అవి స్వీటు షాపులకు పోయేవి. అక్కడ తేడా అణాపైసల్లోనే వచ్చింది. మర్నాడు నాకు ఫోన్ చేసి, "కొననురా" అన్నాడు. గొంతులో అంత తేలిక నేనెప్పుడూ వినలేదు.

"రెండేళ్లు తిన్నావు కదా బావా దీని మీద" అన్నాను. వెనకాల అక్క నవ్వడం వినిపించింది.

"అది సరేగానీ, ఆ భోగాపురం స్థలం ఏటి సేశారు మీ అన్నదమ్ములు?" అనడిగాడు.

పెద్దన్నయ్య దసరాకి వస్తానన్నాడని, వచ్చాక చూద్దామని చెప్పాను.